మూడో రాయి

ఉద్యోగంలో ఉండగా నేను రాసిన కంప్యూటర్ ప్రోగ్రాములు ఏడో ఎనిమిదో ఉంటాయి. వాటిలో ఒక్కటే ఎక్కడా ఆగకుండా, ఎవరినీ విసిగించకుండా పనిచేసింది. నాకు తలవంపులు తెచ్చింది కూడా అదే. మిగతావన్నీ మొరాయించేవి కాబట్టి వాటిని ఎవరూ నమ్మలేదు, వాటివల్ల ఎవరికీ నష్టమూ జరగలేదు.

ఫోనులో ఫోటో వంకరగా వస్తే ఇప్పుడు మీరు వేలితో ఇలా తిప్పి సరిచేసుకుంటారు. ఇరవై ఏళ్ల కిందట కర్నూలులో నేను జీతం తీసుకుని చేసిన పని ఇంచుమించు అదే. అందులో చెప్పుకోవడానికి ఏముందంటారా? చెప్తాను, తొందరపడకండి.

నేను కడప మనిషిని. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివి ట్రేసరుగా కుదిరాను. ట్రేసరంటే పాత పటం మీద పల్చటి కాగితం పరిచి, కింద కనిపించే గీతల వెంబడి సిరాతో మళ్లీ గీసే మనిషి. పెళ్లయి కర్నూలు వచ్చాక ఒక ప్రైవేటు సర్వే ఆఫీసులో చేరాను. గనుల లీజులకు కావలసిన భూముల పటాలు తయారుచేసి ఇవ్వడం మా పని. రెండువేల సంవత్సరం దాటాక సిరా బుడ్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి. నా ఈడు వాళ్లు ఇద్దరు మానేశారు. నాకు మానేసే వీలు లేదు, నిజం చెప్పాలంటే మానాలనీ లేదు. సాయంత్రాలు ఒక ఇన్‌స్టిట్యూట్‌కు పోయి, నా కూతురి వయసు పిల్లల పక్కన కూర్చుని ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాను. నన్ను చూసి మొదట్లో వాళ్లు టీచరనుకుని లేచి నిలబడేవాళ్లు.

ఆఫీసులో ఇంకో ఇద్దరి గురించి చెప్పాలి. ఒకరు మా యజమాని. వ్యాపారస్తుల కుటుంబం నుంచి వచ్చినవాడు, మంచివాడే, కాకపోతే ఏ పనైనా అప్పగించి చేతులు దులుపుకున్నాకనే ఊపిరి పీల్చుకునేవాడు. రెండో ఆయన్ని అందరూ పెద్దాయన అనేవాళ్లు. మైదుకూరు దగ్గరి పల్లె. ప్రభుత్వంలో సర్వేయరుగా చేసి రిటైరై, ఇంట్లో పొద్దుపోక మా దగ్గర చేరాడు. కంప్యూటరు వైపు చూసేవాడు కాదు. నోట్లో వక్కముక్క వేసుకుని, పాత పటాలను వెలుతురుకు పట్టి చూస్తూ కూర్చునేవాడు.

ఆ పటాలతోనే మాకు తంటా. తాతల నాటివి, మడతలు పడి అంచులు చిరిగినవి. స్కానరులో ఎంత జాగ్రత్తగా పెట్టినా వంకరగానే పడేవి. వాటిని నేల మీది దిక్కులకు సరిపోయేలా తిప్పాలి. ఒకటిన్నర డిగ్రీ తిప్పి చూడడం, చాలకపోతే రెండు, ఎక్కువైతే వెనక్కి. ఒక్కో పటానికి ఒక పూట పట్టేది. కళ్లు లాగేవి.

నాకు తట్టిన ఉపాయం ఇదీ. పటంలో సర్వే రాళ్ల గుర్తులుంటాయి. అవే రాళ్లు నేల మీద ఎక్కడున్నాయో మావాళ్లు జీపీఎస్‌తో కొలుచుకొస్తారు. పటంలో రెండు రాళ్ల మధ్య గీత ఎటు వాలిందో, నేల మీద అవే రెండు రాళ్ల మధ్య గీత ఎటు వాలిందో లెక్కగడితే, ఆ తేడానే పటాన్ని తిప్పాల్సిన కోణం. మౌసుతో పటం మీద రెండు చోట్ల నొక్కితే చాలు, బొమ్మ తనంతట తానే తిరిగి సరిగ్గా కూర్చుంటుంది.

వెంటనే కూర్చోలేదనుకోండి. మొదటి రోజు నొక్కితే ఉన్న వంకర రెండింతలైంది. నేల మీద లెక్క కింది నుంచి పైకి పెరుగుతుంది, కంప్యూటరు తెర మీద పై నుంచి కిందికి పెరుగుతుంది. అది మర్చిపోయినందుకు బొమ్మ ఎదురు దిక్కుకు తిరిగింది. అది సరిచేశాక రెండో రోజు నొక్కితే బొమ్మే లేదు. మధ్యలో పట్టుకుని తిప్పాల్సింది పోయి మూల పట్టుకుని తిప్పాను, పటం తెర దాటి వెళ్లిపోయింది. యజమాని వచ్చి ఖాళీ తెర చూసి, “ఏమ్మా, మ్యాపు యాడికి పోయింది?” అన్నాడు. పెద్దాయన తల ఎత్తకుండానే, “పడమటికి పోయింటాదిలే, పొద్దుగూకితే వస్తాది” అన్నాడు. ఆఫీసంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

వారం తిరిగేసరికి పని కుదిరింది. పూట పట్టే పని రెండు నిమిషాలకు వచ్చింది. ఎవరు వచ్చినా యజమాని నా కుర్చీ దగ్గరికి తీసుకొచ్చి, “మా మేడమ్ రాసింది” అని చూపించేవాడు. నాకు గొప్పగానే ఉండేది, ఎందుకు దాచాలి? ఆ ఊపులో రెండు హంగులు చేర్చాను. పాత కాగితం ఏళ్లు గడిచేకొద్దీ కుంచించుకుపోతుంది కాబట్టి, పటాన్ని కొద్దిగా సాగదీసి రెండు రాళ్లకూ కచ్చితంగా అతికించేలా రాశాను. తర్వాత తెర కింద ఒక పెట్టె పెట్టాను. రాళ్ల దగ్గర పటానికీ నేలకూ ఎంత తేడా ఉందో అది మీటర్లలో చూపిస్తుంది. ప్రతి పటానికీ అందులో “తేడా 0.00” అని వచ్చేది. దాన్ని పటం అంచున అచ్చు కూడా వేయించాను.

మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. రెండు రాళ్లకు అతికేలా తిప్పి, సాగదీసి, అవే రెండు రాళ్ల దగ్గర తేడా చూస్తే సున్నా రాక ఏమొస్తుంది? గాడిద బొమ్మ పెట్టినా సున్నానే వస్తుంది. నాకప్పుడు తోచలేదు.

పెద్దాయనకు తోచింది. ఒకరోజు నా వెనక నిలబడి చూసి, “మూడో రాయికి పెట్టి చూసినావామ్మా?” అన్నాడు.

“రెండు చాలు సార్. లెక్క ప్రకారం రెండే కావాలి.”

“లెక్కకు చాలుతాయి. రాళ్లకు చాలవు. మేము కొలత చైను లాగేటప్పుడు అంతా గీసినాక మూడో రాయికి కొలిచి చూసేది. అది కుదిరితేనే సంతకం.”

“అది చైన్ల కాలం సార్” అన్నాను.

ఆయన వక్క నములుకుంటూ వెళ్లిపోయాడు. ఆ మాట అన్నందుకు తర్వాత చాలాసార్లు నాలుక కరుచుకున్నాను. ఇంకో సంగతి కూడా ఉంది. ప్రోగ్రాము రెండే రాళ్లు అడుగుతుందని తెలిశాక మావాళ్లు కూడా పొలాల్లో రెండే కొలిచి తేవడం మొదలుపెట్టారు. కంపచెట్లలో దూరి మూడోదాన్ని వెతికే శ్రమ ఎవరికి కావాలి?

బేతంచెర్ల దగ్గర ఒక నాపరాళ్ల గనికి పటం చేసిచ్చిన నెలకు ఒకామె ఆఫీసుకు వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. ఎండలో నడిచొచ్చిన మొహం, చేతిలో ఒక గుడ్డ సంచి. తలుపు దగ్గరే నిలబడి అడిగింది.

“మీ పటంలో నా బాయి గనిలోకి పోయిందంట. యాడ పోయిందో చూపిస్తే చూసి పోతా.”

ఆ పటం చేసింది నేనే కాబట్టి నా దగ్గరికి పంపారు. తెర ఆమె వైపు తిప్పి, “ఈ నీలం చుక్క మీ బావి, మావాళ్లు నేల మీద కొలిచి తెచ్చింది. ఈ ఎర్రగీత గని హద్దు” అన్నాను.

ఆమె తెర మీద వేలు పెట్టింది. “గీత బాయికి ఈ తట్టు ఉండల్ల. ఆ తట్టుకు యాడ పోయింది? మా మామ కాలం నుంచి గని గట్టుకు ఆ పక్క, బాయి ఈ పక్క.”

“తేడా సున్నా చూపిస్తోందమ్మా. యంత్రం తప్పు చెప్పదు” అన్నాను. చెప్పింది యంత్రం కాదు. ఆ పెట్టె రాసింది నేను, ఆ సున్నా చెప్పింది నేను.

“యంత్రం సంగతి నాకేం తెలుసమ్మా. ఆ బాయి కింద రెండెకరాల ఉల్లిగడ్డ ఉండాది. ఇల్లు నడిచేది దాని మీదనే. వచ్చే నెలలో పూడ్చేస్తామని గనోళ్లు చెప్పిపోయినారు. నేను కొట్లాటకు రాలేదు. ఒకసారి వచ్చి చూడండి అని అడగనీకి వచ్చినా.”

యజమాని తన గదిలోంచి వచ్చాడు. “ఇచ్చేసిన మ్యాపమ్మా అది. సీలు కూడా పడింది. ఇంక మా చేతిలో ఏముండాది?” అని మర్యాదగానే చెప్పాడు. నేను తెర మళ్లీ నా వైపు తిప్పుకున్నాను. ఆమె వెళ్లిపోయింది.

పెద్దాయన అంతా విన్నాడు. సాయంత్రం యజమాని దగ్గరికి పోయి, “రేపు నాకు సెలవు ఇయ్యి నాయనా. ఊరికే అట్ల పోయొస్తా” అన్నాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, “నువ్వూ రామ్మా. నీ బొమ్మను నేల మీద ఎప్పుడూ చూడలేదు కదా” అన్నాడు. నిజమే, నేనెప్పుడూ చూడలేదు. నా పటం సరైనదని ఆయనకు చూపించడానికే బయలుదేరాను.

బస్సు దిగి రెండు మైళ్లు నడిచాం. అక్కడ ఆకులు కూడా తెల్లగానే ఉంటాయి, రాళ్ల దుమ్ముకు. ఆమె పొలం దగ్గరే ఉంది. మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు, సంతోషమూ చూపించలేదు. చెంబుతో నీళ్లు ఇచ్చి, ఉడకబెట్టిన బుడ్డలు, అంటే వేరుశనక్కాయలు, ఒక పళ్లెంలో పెట్టింది. బావిలో నీళ్లు పైకే ఉన్నాయి.

మేం కొలిచిన రెండు రాళ్లలో ఒకటి దక్షిణాన చేను మూలలో ఉంది. రెండోది బావికి ఏడు మీటర్ల అవతల వేపచెట్టు కింద ఉంది. ఆ రెండింటినీ కలిపే గీతే గని హద్దు. గీత బావి అవతల నుంచి పోతోంది కాబట్టి బావి గనిలోకి వచ్చింది. అందులో తికమక ఏమీ లేదు.

వేపచెట్టు కింది రాయి అసలు రాయిలా లేదు. నిలువెల్లా పసుపు, మీద కుంకుమ, ముందర నిమ్మకాయలు, పగిలిన గాజులు. ఆ ఊరి అమ్మవారు. పెద్దాయన చెప్పులు విడిచి దండం పెట్టుకుని, కండువా కొంగుతో రాయి నెత్తిన పసుపు కాస్త తుడిచాడు. కింద ఉలితో కొట్టిన కత్తెర గుర్తు బయటపడింది.

“సర్వే రాయే సార్” అన్నాను. నా గొంతులో ధీమా నాకే వినపడింది.

ఆయన చెట్టు కింద కూర్చుని, నాలుగు బుడ్డలు ఒలుచుకుని తిని, ఆమెను అడిగాడు. “అమ్మోరు మొదటి నుంచీ ఈడనే ఉండాదామ్మా?”

“లేదన్నా. ఈడికొచ్చి నాలుగేండ్లాయ. ముందు ఆడ, గనికాడ ఉండె. పేలుళ్లకు అదురుతాండాది, నైవేద్యం పెడితే దుమ్ము పడతాండాది. అమ్మోరు కళ్లల్లో దుమ్ము కొట్టుకుని ఎట్లుంటాదని ఊరంతా అనుకుని, పొట్టేలు కోసి, తప్పెట్లు కొట్టుకుంటా ఈడికి తెచ్చుకుంటిమి. నీళ్ల పక్కన సల్లగా ఉంటాదని. మా ఆయన కూడా ఒక చెయ్యి వేసినాడు.”

ఆమె దాపరికం లేకుండా, ఊరి జాతర సంగతి చెప్పినట్టు చెప్పింది. ఇందులో దాచడానికి ఆమెకు ఏమీ కనిపించలేదు. వాళ్లకు అది అమ్మవారు, సర్వే రాయని ఎప్పుడో మర్చిపోయారు. మావాళ్లకు అది సర్వే రాయి, అమ్మవారి సంగతి వాళ్లు అడగలేదు.

“ముందు ఉన్న చోటు చూపిస్తావా?” అన్నాడు పెద్దాయన.

ఆమె బావి దాటి గని వైపు నడిచింది. ఎక్కడా ఆగలేదు, వెతుక్కోలేదు. గట్టు పక్కన ఒకచోట నిలబడి, “ఈడ” అంది. అక్కడ రాళ్ల చెత్త తప్ప ఏమీ లేదు. పెద్దాయన గడ్డపార అడిగి తీసుకున్నాడు. రెండు జానల లోతు తవ్వేసరికి మట్టి నల్లబడింది. చెయ్యి పెట్టి గుప్పెడు బొగ్గులు తీశాడు.

“రాయిని ఎవరైనా పీకేస్తారని కింద బొగ్గులు పోసి నాటేది మా సర్వే వాళ్లు” అన్నాడు. “బొగ్గు కుళ్లదు, దాన్ని చెద తినదు. రాయి యాడికైనా పోనీ, బొగ్గు ఈడనే ఉంటాది.”

టేపు పెట్టి కొలిచాం. బొగ్గుల గుంటకూ వేపచెట్టు కింది రాయికీ మధ్య పదిహేను మీటర్లు. బావి ఆ రెంటి మధ్యలో ఉంది. దక్షిణపు రాయి మూడు వందల మీటర్ల దూరంలో ఉంది కాబట్టి, పటం మూడు డిగ్రీలు వంకర తిరిగిందన్నమాట. రాయి పక్కకు జరిగింది కానీ, రెండు రాళ్ల మధ్య దూరం మూరెడు కూడా మారలేదు. ఆ కాస్త తేడా కాగితం కుంచించుకుపోవడం వల్లనేనని నా ప్రోగ్రాము సాగదీసి సర్దేసి, తేడా సున్నా అని చెప్పింది. మూడో రాయి ఒక్కదానికి పెట్టి చూసి ఉంటే అప్పుడే బయటపడేది.

ఆమె మా ఇద్దరి మాటలూ వింటూ కొంచెం కొంచెంగా అర్థం చేసుకుంది. గుంట అంచున కూలబడి, “అంటే మా బాయిని మేమే గనిలోకి తోసుకున్నామా?” అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. “లేదమ్మా. మీరు రాయిని జరిపారు. బావిని జరిపింది నేను” అన్నాను. ఉద్యోగంలో నేను చెప్పిన మాటల్లో వంకర లేనిది అదొక్కటేనేమో.

మర్నాడు పెద్దాయన యజమాని బల్ల మీద ఒక బొగ్గుముక్క పెట్టాడు.

“ఏంది ఇది?”

“మన పటంలో రెండో రాయి. అసలుది.”

జరిగింది విన్నాక యజమాని లేచి గది తలుపు దగ్గరికి వేశాడు. “తప్పని రాసిస్తే రేపు మనకు పని ఎవరిస్తారు పెద్దాయనా? ఇంత మంది బతకతాండారు ఈ ఆఫీసు మీద” అన్నాడు. ఆయన భయం అబద్ధం కాదు. ఆ బతుకుతున్నవాళ్లలో నేనూ ఒకదాన్ని. పెద్దాయన వాదించలేదు. బొగ్గుముక్కను కూడా తియ్యలేదు.

ఉత్తరం నేను రాశాను. పటం తప్పని, ప్రోగ్రాము నాదని, పొరపాటు నాదని రాసి సంతకానికి పెట్టాను. యజమాని రెండు రోజులు సంతకం చెయ్యలేదు. నేను ఆ రెండు రోజులూ వేరే పటం ముట్టలేదు. మూడో రోజు నన్ను పిలిచి, నా పేరున్న వాక్యం కొట్టేసి, ‘మా కార్యాలయం పొరపాటు’ అని రాసి సంతకం చేశాడు. అది దయో, లేక ఒక ట్రేసరు రాసిన ప్రోగ్రామును నమ్ముకున్నామని నలుగురికీ తెలియడం ఇష్టం లేకనో, నేను అడగలేదు. ఆ గని వాళ్లు మాత్రం మళ్లీ మా గడప తొక్కలేదు.

ప్రభుత్వ సర్వేయరు వచ్చి చూసి, కొత్త పటం ఒప్పుకున్నాడు. బావి నిలిచింది.

అంతకుముందు ఆ ప్రోగ్రాముతో చేసిన పటాలు ఇంకా పదకొండు ఉన్నాయి. ఎవరూ అడగకపోయినా పెద్దాయన అన్నింటికీ మూడో రాయి వెతికించాడు. తొమ్మిది సరిగ్గానే ఉన్నాయి. ఒకటి దిద్దగలిగాం. పదకొండోది చూడబోయేసరికి హద్దు పక్కన ఎవరిదో చేను మూల అప్పటికే గని తవ్వకంలో గుంట అయిపోయి ఉంది. ఆ రైతుకు చెప్పాం, కాగితాలు రాసిచ్చాం. గుంట పూడలేదు. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

ప్రోగ్రాము తిరగరాశాను. మూడో రాయి నొక్కితే తప్ప పటం భద్రపరచడం కుదరదు. తేడా పెట్టెలో ఆ మూడో రాయి దగ్గరి తేడానే వస్తుంది. పెద్దాయన మొదటిసారి నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని చూశాడు. పెట్టెలో 0.38 అని వచ్చింది. మూరెడు కన్నా తక్కువే. “ఇప్పుడు నమ్ముతా” అని లేచి వెళ్లాడు. ఆయనకు ఆ ‘చైన్ల కాలం’ మాటకు క్షమాపణ చెప్పుకోవాలని చాలాసార్లు అనుకున్నాను. చెప్పకుండానే ఆయన ఉద్యోగం మానేసి ఊరికి వెళ్లిపోయాడు.

మరుసటి ఏడు వేరే పని మీద బేతంచెర్ల పోయినప్పుడు ఆమె పొలానికి వెళ్లాను. ఉల్లిగడ్డ ఆరబోసి ఉంది. అమ్మవారు వేపచెట్టు కిందే ఉంది. అమ్మవారిని మళ్లీ దుమ్ములోకి పంపడానికి ఊరు ఒప్పుకోలేదట. బొగ్గుల గుంట మీద ప్రభుత్వం వాళ్లు కొత్త రాయి నాటారు. ఒట్టి బోసి రాయి, దుమ్ము కొట్టుకుని ఉంది. దాన్ని చూసి నాకే ఏదోలా అనిపించింది.

“నీ బావిని కాపాడింది ఇదే కదమ్మా. దీనికి ఇంత పసుపన్నా పూయలేదేం?” అన్నాను.

ఆమె చేటలో ఉల్లిగడ్డలు ఏరుతూ నా వైపు చూసింది. “పూస్తే దీన్నీ యాడికైనా జరుపుతారమ్మా. వద్దులే. రాయి మాదిరే ఉండనీ.”